ఇరవై ఆరు టిష్యూ ప్యాకెట్లు

మా అమ్మాయి పియానో మానేసింది. పియానో మాత్రం హాల్లోనే ఉండిపోయింది. దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టి పెట్టడం మొదలయ్యాక చూడలేక, యాభై రెండేళ్ళ వయసులో నేనే నేర్చుకుంటానని బయల్దేరాను. టీచరు ఈ పరదేశంలో మేముండే యీషున్ పేటలో, మా బ్లాకులోనే నాలుగో అంతస్తులో ఉండే చైనీస్ ఆంటీ. డెబ్బై దాటాయి. మూడు నెలలు తిరిగేసరికి నా వేళ్ళకు పియానో రాదని ఆవిడకీ, నా నోటికి మాత్రం సంగీతం దండిగా వస్తుందని మావాళ్ళందరికీ తెలిసిపోయింది.

కారణం ఒక చెక్ దేశపు సంగీతకర్త. ఆడమనిషి. చిన్న వయసులోనే పోయింది, ఆ తర్వాత లోకం ఆవిడను మరిచిపోయింది. పేరు ఇక్కడ రాయను. ఆవిడ గురించి ఎంత గొప్పగా మాట్లాడినా, ఆ పేరుకు నాకు ఈనాటికీ నోరు తిరగదు. ఆవిడ రాసిన పియానో రచన ఒకటి ఆంటీ దగ్గర పసుపెక్కిన జిరాక్స్ కాగితాల్లో ఉంది. చదువుకునే రోజుల్లో సంపాదించిందట. అప్పటినుంచీ ఇంట్లో ఒక్కర్తే వాయించుకుంటోంది.

ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆఫీసు లంచ్‌లో, సెరంగూన్‌లో ఎవరింటి గృహప్రవేశంలోనో, చివరికి సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం చేత్తో పట్టుకుని కూడా, "ఆడవాళ్ళ ప్రతిభని లోకం ఎలా తొక్కేసిందంటే" అని మొదలుపెట్టేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ కూరగాయలు తరుగుతూ అడిగింది.

"ఏవండీ, అసలా మ్యూజిక్ మీరు ఒక్కసారైనా చివరిదాకా విన్నారా?"

వినలేదు. ఫోన్‌లో పెట్టుకున్న ప్రతిసారీ రెండో భాగానికల్లా నిద్రపట్టేసేది. అది ఒప్పుకోలేక, "వినడం కాదే, దాన్ని అనుభవించాలి," అన్నాను. ఆవిడ వంకాయల్లోకి తలవంచుకుని నవ్వుకుంది.

ఇంతలో ఆంటీ వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. "ఇంకొన్నాళ్ళు పోతే వాయించలేను. ఒక్కసారి నలుగురి ముందు మొత్తం వాయించాలని ఉంది," అంది. నలుగురేమిటి, నేనుండగా! దగ్గర్లోని కమ్యూనిటీ క్లబ్‌లో నలభై కుర్చీల గది మాట్లాడాను. ఆదివారం సాయంత్రం ఐదింటికి. "మనుషులొస్తారా?" అని ఆంటీ రెండుసార్లు అడిగింది. "కుర్చీలు చాలవు, చూడండి," అన్నాను.

క్లబ్ వాళ్ళు తమ నోటీసు బోర్డులో, ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టారు. నేను మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ప్రోగ్రాం తర్వాత మా ఆవిడ చేతి పులిహోర, గారెలు ఉంటాయని కూడా రాశాను. ఇరవై ఆరు బొటనవేళ్ళు లేచాయి. నేను వాటిని మనుషులుగా లెక్కపెట్టుకున్నాను.

ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నవాణ్ణి, నాకు తెలియనిదేముంది? తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళితే ఆ చోటు మనదే. దాన్ని చోప్ చెయ్యడమంటారు. ఎంత ఆకలేస్తున్నా ఎవరూ ఆ ప్యాకెట్ తీసి కూర్చోరు. ఆదివారం నాలుగింటికే వెళ్ళి, ముందు వరసల్లో ఇరవై ఆరు కుర్చీల మీద ఇరవై ఆరు ప్యాకెట్లు పెట్టాను. ఒక్కొక్కటీ సరిగ్గా కుర్చీ మధ్యకి జరిపాను కూడా. తర్వాత, మనవాళ్ళు దారి తప్పిపోతారని ట్రైన్ స్టేషన్ గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను.

ఐదు కావస్తోంది. ఒక్కరూ దిగలేదు. ఫోన్ చేస్తే "దారిలోనే ఉన్నాం అన్నా" అన్నారు. ఆ దారి సోఫా దగ్గర మొదలవుతుందని నాకు తెలియంది కాదు. రొప్పుకుంటూ వెనక్కి వచ్చాను. వెనక పద్నాలుగు కుర్చీలూ నిండి ఉన్నాయి. ముందంతా టిష్యూ ప్యాకెట్లు.

"అంకుల్, చాలామంది వచ్చారు లా," అంది తలుపు దగ్గరున్న క్లబ్ అమ్మాయి, ప్రతి మాటకీ చివర 'లా' తగిలించే ఇక్కడి యాసలో. "ఇరవై మంది పైనే. సీట్లన్నీ చోప్ అయిపోయాయని వెళ్ళిపోయారు."

అందులో ఇద్దరు వయొలిన్ పెట్టెలతో వచ్చారట. సెంబవాంగ్ నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన పది నిమిషాలు నిలబడి, కాళ్ళు లాగి, వెళ్ళిపోయాడట. లోకం ఆవిడను మరిచిపోయిందని మూడు నెలలు ఊరంతా చాటాను. తీరా ఆ లోకం వెతుక్కుంటూ వస్తే, గుమ్మంలోంచి వెనక్కి పంపింది నేను.

ఇస్త్రీ చేసిన నీలం గౌనులో ఆంటీ పియానో ముందు కూర్చుంది. ఆ ప్యాకెట్ల వైపు ఒకసారి చూసి, వాయించడం మొదలుపెట్టింది. మొదటి వరసలో నేనొక్కణ్ణే. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, ఇక నిద్రెక్కడిది? రెండో భాగం వచ్చింది. ఎడమచెయ్యి ఒకే స్వరం దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తోంది. కుడిచెయ్యి ఏదో చెప్పబోయి, సగంలో ఆగి, మళ్ళీ మొదటినుంచి చెబుతోంది. మా అమ్మాయి ఏడేళ్ళపాటు హాల్లో వాయిస్తుంటే, నేను పక్కనే కూర్చుని టీవీ సౌండ్ పెంచేవాణ్ణి. అది గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు. పక్క కుర్చీ మీది ప్యాకెట్ చించాను. కాసేపటికి దాని పక్కది.

ఒకచోట ఆంటీ ఉంగరపు వేలు మొరాయించింది. ఆగి, ఆ నాలుగు స్వరాలూ మళ్ళీ వాయించి ముందుకెళ్ళింది. అయిపోగానే పద్నాలుగు మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడు వచ్చాయి మనవాళ్ళవి ఐదు కుటుంబాలు, వాళ్ళ వెనకే గిన్నెలతో మా ఆవిడ. "అన్నా, ఇంకా స్టార్ట్ కాలేదా? సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయే!"

నేను ఆంటీ దగ్గరికి వెళ్ళి, చేసిన ఘనకార్యం చెప్పాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒత్తుకుంటోంది. "మళ్ళీ మొత్తం వాయించడం ఇక నావల్ల కాదు," అంది. కోపంగా అంటే బాగుండేది. "ఎంతమంది విన్నారు?" అని అడిగింది.

"పద్నాలుగు మంది, ఆంటీ."

నా చేతిలో తడిసిన టిష్యూల ముద్ద వైపు చూసింది. "పదిహేను," అంది.

మనవాళ్ళు పులిహోర పెట్టుకుని, ఎప్పటిలాగే ఆ సంగీతకర్త గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. మూడు నెలల్లో మొదటిసారి నేను ఆవిడ మాట ఎత్తకుండా, కుర్చీల మీద మిగిలిన ప్యాకెట్లు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాను.