ఎవరివో జంట ఫోటోలు

మొన్న పొద్దున పాకాలలో మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. తిరుపతిలో ఉన్న నాకు అమ్మ ఫోన్ చేసి, "పెద్దమ్మ పూడ్సిందిమే. కర్మ కార్డులు కొట్టించొద్దని మరీ మరీ చెప్పి పోయినాది," అంది. కార్డుల మీద ఆమెకు అంత పంతం ఎందుకో మీకు చెప్పాలి.

పెద్దమ్మ భర్త బడిలో అయివారు. ఆయన కర్మ అయిన మర్నాడు, చుట్టాలంతా బస్సెక్కి వెళ్లిపోయాక, మిట్టమధ్యాహ్నం ఒకడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, భుజాన సంచీ. పింఛను ఆఫీసు నుంచట. అయివారి పేరు, కూతురి పేరు, అల్లుడి ఊరు గడగడా అప్పజెప్పాడు. అంత తెలిసినవాణ్ణి ఎవరు మాత్రం అనుమానిస్తారు? భార్యకు పింఛను రావాలంటే జంట ఫోటో కావాలన్నాడు. పెళ్లయిన కొత్తలో చిత్తూరు స్టూడియోలో తీయించుకున్న ఒకే ఒక్క ఫోటోనూ, కాగితాలనూ, పాస్‌బుక్కునూ ఆమె ఇచ్చేసింది. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. పైగా వాడికి మజ్జిగ కూడా ఇచ్చింది మహాతల్లి!

బ్యాంకులో ఉన్నదంతా పోయింది. ఏడాది తిరిగాక ఎలాగో పింఛను మొదలైంది. అయివారి ముఖం మాత్రం తిరిగి రాలేదు. "సచ్చినా మనిసికి నిమ్మళం లేదే అమ్మీ. ఎవుడి సంచీలోనో ఊరూరా తిరగతా ఉండాడు," అనేది.

వాడికి పేర్లెలా తెలిశాయో కూడా ఆమే కనిపెట్టింది. కర్మ కార్డును చదివాక మనం ఇంట్లో ఉంచుకోం కదా, చించి వీధిలో పడేస్తాం. తేదీతో సహా ఇంటిల్లిపాదీ అందులోనే ఉంటారు; వాడు వాటినే ఏరుకునేవాడట. అప్పటి నుంచి చుట్టుపక్కల ఎవరు పోయినా, కర్మ అయిన మర్నాడు పిలవకపోయినా పోయి, ఆ ఇంటి ముసలామె పక్కన కూర్చునేది. "కాయితం గడప దాటగూడదు. కావాల్నంటే మనమే ఆపీసుకు పోదాం." ఎక్కడికెళ్లినా అదే పాట. అపశకునంలా దాపురించిందని మూతి తిప్పుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా నాయన పోయినప్పుడు వాడు మా ఇంటికే వచ్చాడు. మా అన్న పేరు, మేనమామ ఊరు చెబుతుంటే అమ్మ బీరువా తాళంచెవి కోసం లేచింది. పక్కనే ఉన్న పెద్దమ్మ వాణ్ణి గుర్తుపట్టింది. కేక కూడా వేయలేదు.

"కూర్సో నాయనా. ముందు మా ఆయన ఫోటో ఇచ్చెయ్."

వాడు బెదరలేదు. ఆమె ముఖంలోకి చూసి, నింపాదిగా, "ఏదమ్మా?" అన్నాడు.

"ఎన్ని ఉండాయిరా నీకాడ?" అంటూ ఆమె సంచీ పట్టేసుకుంది. నేనూ అమ్మా అరిచాం. వీధి జనం వచ్చేలోగా వాడు సంచీ వదిలేసి పరుగెత్తాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు.

సంచీలో ఇరవై దాకా జంట ఫోటోలు. అయివారిది లేదు. రెండుసార్లు వెతికి, పెద్దమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. పోలీసులు రాసుకున్నాక వాటినే చేతపట్టుకుని, వెనక ఉన్న స్టూడియో ముద్రలు చూసుకుంటూ సత్యవేడు దాకా, నాయుడుపేట దాకా బస్సుల్లో తిరిగింది. ఒక్కొక్క ఇల్లే వెతికి ఇచ్చివచ్చింది. ఎవరివో తెలియని ఆరు మిగిలిపోతే, పటాలు కట్టించి తన గోడకే తగిలించుకుంది. రోజూ సాయంత్రం వాటికి దీపం పెట్టేది.

"ముక్కూ మొహం తెలియనివాళ్లకు దీపమేంది పెద్దమ్మా? ఒంటిగా ఉంటావు, భయం లేదా?" అని ఒకసారి అడిగాను.

"బయమెందుకే? మీ పెదనాయన యాడుండాడో, ఆడ కూడా ఎవురో ఒకరు పెడతా ఉంటారని," అంది.

నిన్న సాయంత్రం పెద్దమ్మ ఇంటికి నేనే పోయి దీపం వెలిగించాను. ఆ పన్నెండు మందీ నా వెనక ఉన్న తలుపు వైపే చూస్తున్నారు. పెద్దమ్మ ఇక రాదని వాళ్లకు చెప్పాలనిపించింది. దీపంలో ఇంకొంచెం నూనె పోసి వచ్చేశాను.