బోణీ కాని గంప

సీతాఫలం కాలం వచ్చిందంటే మా ఇంట్లో తగాదా తప్పదు. బజారులో కాయ నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి గడ్డిలో పెడితే నాలుగు రోజులకు నల్లబడి రాయిలా మిగులుతుంది. ఈసారి నేను తెచ్చిన డజనులో అయిదు పండనే లేదు. "ముదరకముందే తెంపి బండ్లకెక్కిస్తే పండు ఎట్లయితది? పటాన్‌చెరు అంగడిల రైతులే తెచ్చి అమ్ముతరట. అక్కడ కొనాలె," అంది మా ఆవిడ సుశీల. నేను బడిపంతులును. దసరా సెలవులు నడుస్తున్నాయి. అయితే నేనే వెళ్ళి వస్తానన్నాను. ఆమె నవ్వింది. "మీరు పోయి కొంటరా! ధరలు రాసుకొని వస్తరు. అంగట్ల అన్నీ ఉన్నా అల్లుని నోట్ల శని."

ఆమె మాటలో అబద్ధం లేదు. కొనని వస్తువు ధర అడగడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చీరల దుకాణంలో అడుగుతాను, గడియారాల దుకాణంలో అడుగుతాను, ఒకసారి గుర్రపు జీను ధర కూడా అడిగాను. అడిగి, సగానికి బేరమాడి, "మళ్ళీ వస్తాను" అని మర్యాదగా బయటపడతాను. నగరంలో ఆ మాటను దుకాణదారుడూ నమ్మడు, నేనూ నమ్మను. ఇద్దరికీ కాసేపు పొద్దుపోతుంది, అంతే.

ఆదివారం ఉదయం అయిదున్నరకు నాంపల్లి దగ్గర బస్సెక్కాను. పటాన్‌చెరు బొంబాయి రోడ్డు మీద ఇరవై మైళ్ళ లోపే. టికెట్టు పద్నాలుగణాలు. నిజాం హాలి సిక్కా, ఇండియా కల్దారు రూపాయి రెండూ నడుస్తున్న రోజులు కదా, కండక్టరు నా చిల్లరను అటూ ఇటూ తిప్పి చూసి గాని సంచిలో వేసుకోలేదు. కూకట్‌పల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా జొన్నచేలు, మధ్య మధ్య దున్ని వదిలిన నల్లరేగడి మళ్ళు. వారం కిందట పడ్డ వానకు ఆ మట్టి ఇంకా తడిగానే ఉంది. అంగడి ఎంతసేపు ఉంటుందని కండక్టరును అడిగాను. "పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకనే మంచి సరుకు. ఇగ తర్వాత ఏరంగ మిగిలిందే," అన్నాడు. తిరుగు బస్సులు రెండింటికొకటి, నాలుగున్నరకొకటి ఉన్నాయని కూడా చెప్పాడు. దిగేసరికి ఏడు కావస్తోంది.

వారానికొకసారి సాగే ఈ అంగడికి కప్పు లేదు, అరుగు లేదు. పండించినవాళ్ళే రోడ్డు పక్క మైదానంలో నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంటారు. బీరకాయలు, చిక్కుడుకాయలు, మక్కకంకులు, మట్టి దులపని అల్లం, ఇక్కడివాళ్ళు పుంటికూర అనే గోంగూర కట్టలు. తక్కెడలు తక్కువ. కూరగాయలు కుప్ప లెక్కన, పండ్లు కాయ లెక్కన, గింజలు కుంచం కొలతన అమ్ముతారు. నగరంలో కూరగాయల మీద నీళ్ళు చల్లి అమ్ముతారు. ఇక్కడ మంచు ఇంకా ఆరలేదు, అందుకని ఎవరూ ఆ పని పెట్టుకోలేదు. నేను పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాను.

అంగడి మొదట్లోనే ఒకామె రెండు గంపలతో కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. గంపల మీద మోదుగాకులు కప్పి ఉన్నాయి. ఆకు తొలగిస్తే సీతాఫలాలు. కాయ మీది గీతలు విచ్చుకుని మధ్యలో పసుపు రంగు తేలింది. రూపాయికి ఎన్ని అని అడిగాను.

"నలభై, పంతులూ. చెట్టు మీదనే ముదిరినయి. కండ్లు విచ్చినయి సూడుండ్రి. రేపటికల్ల పండు."

"ఎనభై ఇస్తావా?" అన్నాను. కొనే ఉద్దేశం లేదు. ఏమంటుందో చూద్దామని, అంతే. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ.

ఆమె పండ్ల వంక చూసింది, రోడ్డు వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. "బోణీ బేరం. మొదలు వచ్చినోళ్ళను ఎట్ల పంపుత? సరే, తీస్కోండ్రి ఎనభై," అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. పొద్దున్నే ఎనభై కాయలు మోసుకుని ఎక్కడ తిరగను? "సరేలేమ్మా, ఒక చుట్టు తిరిగి మళ్ళీ వస్తాను," అన్నాను.

"మంచిది. లెక్కవెట్టి ఉంచుత," అంది.

నేను పుస్తకంలో రాసుకున్నాను: సీతాఫలం, రూపాయికి నలభై, బేరమాడితే ఎనభై. ఎనభై కింద గీత కూడా గీశాను. ఆ తర్వాత అయిదు గంటలు అంగడంతా తిరిగాను. అల్లం, చిక్కుడుకాయలు, రెండు కట్టల పుంటికూర కొన్నాను. గొర్రెల బేరం చూశాను, గొంగళ్ళు నేసేవాడితో మాట్లాడాను. సీతాఫలాల సంగతి పూర్తిగా మరిచిపోయాను.

పన్నెండింటికి ఆకలేసింది. మైదానం చివర తడికెల పాకలో రహీం భాయి అనే ఆయన అంగడి రోజున భోజనం పెడతాడు. వెనక ఆయన భార్య జొన్నరొట్టెలు చరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. రెండు రొట్టెలు, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ, లోటా మజ్జిగ, అన్నీ కలిపి నాలుగణాలు. రొట్టె అంచు కరకరలాడింది, నడుమ మెత్తగా ఉంది. పులుపు చురుక్కుమంది. జొన్నలు ఎక్కడివని అడిగాను. "గీ అంగడియే సాబ్. పోయిన ఐతారం కొన్న, ఇంట్లనే విసిరినం. కూర పొద్దుగాల వచ్చింది. మిరపకాయ తప్ప అన్నీ అయిదు మైళ్ళ లోపటియే," అన్నాడు. మా ఇంట్లో రేషను బియ్యంలో రాళ్ళు ఏరుకుని తినే నాకు ఆ భోజనం పండగలా అనిపించింది. మూడో రొట్టె అడిగాను.

కడుపు నిండిన ధీమాలో నా గొప్ప చెప్పుకున్నాను. "ఇక్కడ బేరం తెలిస్తే చాలు భాయీ. సీతాఫలాలు రూపాయికి ఎనభై ఒప్పించాను."

మజ్జిగ పోస్తున్న ఆయన చెయ్యి ఆగింది. "మొగదల కూసున్నామెనా? పాశమైలారం ఈరమ్మ? అయితే ఆ పంతులు మీరేనా?"

ఏ పంతులని అడిగాను.

"పొద్దటి సంది ఆమె ముంగట ఎంతమంది నిలవడ్డరో. ఒక్కలకు ఇయ్యలే. బోణీ బేరం ఒప్పుకున్న, పంతులు ఒక చుట్టు తిరిగి వస్తడు, ఆయన తీస్కున్నంకనే వేరేటోళ్ళకు అంటున్నది. నలభై లెక్కన గంప మొత్తం తీస్కుంట అన్నడు ఒకడు. ఇయ్యలే."

"ఆయన రాడేమో అని ఎవరూ చెప్పలేదా?"

"నేనే చెప్పిన సాబ్. సదువు చెప్పేటాయన, మాటిచ్చి రాకుంట ఉంటడా అన్నది." ఆయన లోటా నా ముందు పెట్టాడు. "అందరు గిట్ల పట్టుకొని కూసోరు. ఆమె కూసుంటది. ఇయ్యాల ఆమెకు శనగ విత్తనం కొనాలె. చేన్ల పదును ఇంకో రెండు మూడు రోజులు ఉంటది, గంతే. విత్తనాల సేటు సదాశివపేట నుంచి వస్తడు, మళ్ళ వచ్చేది వచ్చే ఐతారమే. ఆయన బండి కడుతుండు, సూడుండ్రి."

పదును అంటే నాకు తెలుసు. బస్సులోంచి చూసిన ఆ నల్లమట్టి తడే. శనగకు వేరే నీళ్ళుండవు, ఆ తడి మీదే మొలవాలి. అది ఆరిపోతే ఈ ఏటికి చేను బీడే. నాకు సిగ్గేసింది. చెంప మీద కొట్టినా అంత సిగ్గేసేది కాదు. మజ్జిగ అలాగే వదిలేసి లేచాను.

ఈరమ్మ అక్కడే ఉంది. ఎండ గంపల మీద పడుతుందని కొంగు ఎత్తి నీడ పట్టింది. పక్కన గుడ్డ మీద ఎనభై కాయలు పదేసి చొప్పున ఎనిమిది వరసలు పేర్చి ఉన్నాయి. కొన్ని అప్పుడే మెత్తబడ్డాయి.

"వచ్చిండ్రా పంతులూ. అంగడి పెద్దది, తిరిగేటాళ్ళకు ఆల్స్యమైతది," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. రూపాయి ఇచ్చాను. కళ్ళకద్దుకుని బొడ్డులో దోపుకుంది. అప్పుడు నిలబడి, "రాండ్రి, సీతాఫలాలు!" అని గొంతెత్తింది. పిలిస్తే వచ్చేందుకు ఎవరున్నారు? పండ్లు కొనేవాళ్ళంతా పదింటికే కొనుక్కుని పోయారు.

జేబులో నాలుగు రూపాయలున్నాయి. బస్సుకూ, సామానుకూ ఒకటి పోతే మూడు. ఈ మూడు తీసుకుని విత్తనం కొనుక్కోమన్నాను. "ఎందుకు?" అంది. పొద్దున నావల్ల నష్టమైంది కదా అన్నాను. "మీరు వచ్చిండ్రు, తీస్కున్నరు. ఇగ నష్టమేంది? ఊకెనే పైసలు తీస్కొని విత్తనం కొంటె మొలుస్తదా?" అని చేతులు వెనక్కి పెట్టుకుంది. అటు చూస్తే సేటు ఎద్దును కాడి కిందికి తోలుతున్నాడు.

నేను అటు పరుగెత్తాను. సేటు ముందుకు వెళ్ళి, నాకు చేతనైన ఒకే ఒక పని చేశాను. శనగలు కుంచం ఎంత? కుసుమలు ఎంత? ఆ మూలనున్న ధనియాలు ఎంత? సేటు విసుక్కున్నాడు. "మూట కట్టిన పంతులూ. కొంటరా, ఉత్తగనే అడుగుతుండ్రా?"

"కొంటాను," అన్నాను. ఆ మాట అన్నాక నాకే కొత్తగా అనిపించింది. శనగలు కుంచం రూపాయిన్నర. బేరమాడలేదు. ఆయన మూట విప్పి కొలిచాడు. ఇక్కడ మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం... రెండు," అని పోసి మూటకు తాడు బిగించాడు. నా డబ్బు అంతకే సరిపోయింది. బండి కదిలింది.

భుజం మీది తువ్వాల్లో విత్తనం మూటగట్టుకుని ఈరమ్మ దగ్గరికి వచ్చాను. "నాకు చేను లేదు. పండ్లు కావాలి. మారకం వేసుకుందామా?" అన్నాను. గింజలు గుప్పిట్లోకి తీసుకుని ఊది చూసింది, ఒకటి కొరికి చూసింది. "ఎంతకు తెచ్చిండ్రు?" అంది. చెప్పాను. "మూడు రూపాయలకు నూటిరవై. నలభై లెక్కన్నే. బోణీ ధర అయిపోయింది," అంది.

నూటిరవై వద్దు, యాభై చాలన్నాను. ససేమిరా ఒప్పుకోలేదు. ఒక్కో కాయా తడిమి, మెత్తబడ్డవి పక్కకు తీసి, గట్టివి లెక్కపెట్టింది. రెండు కుంచాలతో చేనంతా అవుతుందా అని అడిగాను. "చేనంతకు నాలుగు వడుతది. దీంతోని సగమైతది. తక్కిన సగం..." ఆకాశం వంక చూసింది. "వచ్చే అంగడిదాంక పదునుంటె ఏస్త. లేకుంటె లేదు." పొద్దున ఆమె చుట్టూ నలుగురు నిలబడ్డప్పుడు అమ్ముకుని ఉంటే చేనంతా విత్తేదేనని ఇద్దరికీ తెలుసు.

రెండు వందల కాయలు నా సంచిలో పట్టవు. ఒక గంప ఖాళీ చేసి, నా కాయలన్నీ అందులో పేర్చి, మోదుగాకులు కప్పింది. "గంప ఎప్పుడు తెస్తరు?" అంది.

"వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను," అన్నాను.

"మంచిది," అంది, పొద్దున అన్నట్టుగానే.

రెండు గంటల బస్సులో గంపకు వేరే రెండణాలు. గంప చూసి సుశీల కూర్చుని లెక్కపెట్టింది. రెండు వందల పది ఉన్నాయి. పది కాయలు కొసరు. అన్నిటికన్నా పెద్ద కాయలు చూసి పైన పేర్చింది ఈరమ్మ. జరిగిందంతా చెబితే సుశీల ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. మర్నాటికి కాయలన్నీ ఒక్కసారే పండాయి. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు వీధి వీధంతా పంచాం. అంత తియ్యటి పండు నేనెన్నడూ తినలేదు. ఒకటి తిన్నాక రెండోది తినబుద్ధి కాలేదు. ఈ వారమంతా హైదరాబాదులో ఎండలు మండిపోయాయి. పొద్దున్నే లేచి, వరండాలో ఉన్న ఆ ఖాళీ గంపను చూసి, తర్వాత ఆకాశం చూడటం నాకు అలవాటైంది. మబ్బు జాడ లేదు.

మీరూ ఆ అంగడికి వెళ్ళేట్టయితే ఒక్కటే సలహా. పెద్ద సంచి పట్టుకెళ్ళండి, ఏడింటికల్లా చేరండి, కానీ కొనదలచని దాని ధర మాత్రం అడగకండి. నోరు జారి అడిగితే కొనెయ్యండి. మళ్ళీ వస్తానని చెప్పి మాత్రం కదలకండి. ఆ మాట నమ్మి ఎండలో కూర్చునే మనిషి అక్కడుంది. రేపు ఆదివారం. నేను అయిదున్నర బస్సుకే వెళ్తున్నాను.