మామ పెరుగు మానేసిన సంగతి

మేడం గారికి,

నేను ఐదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటాయి, అక్షరాలు కూడా వంకర పోయాయి, మన్నించండి. పోయిన సోమవారం పొద్దున మా మామ పోయారు. నేను చాయ్ తెచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నారు. వచ్చినవాళ్లకు వండి, గిన్నెలు తోమి చేతులు పడిపోయాయి. మీ ల్యాబులో సంతాప సభకు ఆయన గురించి నాలుగు మాటలు రాసిమ్మన్నారట, కూర్చున్నాను.

ఎలుకలను చూసుకోవడానికి ఉప్పల్ నుంచి నాచారంలోని మీ ల్యాబుకు బస్సులో వెళ్లేవారు. బందుల రోజుల్లో నడిచి వెళ్లేవారు. "బందని ఎలుకలకు ఎవరు జెప్పాలె బిడ్డా, వాటికి నీళ్లొద్దా?" అనేవారు. ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగాకే నా కొడుకును ఎత్తుకునేవారు. అత్తకు ఎలుకల మాటంటేనే అసహ్యం. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను, వింటాను. అందుకే ఆ ముచ్చట్లన్నీ నాకే చెప్పేవారు.

ఒకసారి కాలి కండకు దెబ్బ తగిలిన ఎలుకలను ఆయనకు అప్పగించారు. సగం వాటికి, పెరుగులో ఉండేలాంటి మంచి సూక్ష్మజీవుల పొడి నీళ్లలో కలిపి ఇవ్వాలి. కండ తొందరగా కోలుకుంటుందేమో చూడటానికి. మిగతా సగానికి ఉత్త నీళ్లే. ఆ నీళ్ల ఎలుకలు కాలు ఈడుస్తున్నాయని చెప్పి మామ ఆ రోజు సరిగా తినలేదు. మరునాడు టిఫిన్‌తోపాటు చిన్న స్టీలు డబ్బీలో పెరుగు పెట్టి, వాటికి పెట్టమన్నాను.

"నువ్వు గూడ డాక్టరమ్మవైనవా?" అని నవ్వారు. డబ్బీ మాత్రం తీసుకెళ్లారు. ఖాళీగా తెచ్చారు. అలా పది రోజులు.

తర్వాతది మీకు తెలుసు. రెండు గుంపుల ఎలుకలూ ఒక్కతీరుగా నడుస్తుంటే పొడి పనిచేయలేదని మీరు దిగులుపడ్డారు. "మేడం మొఖం సూడలేక పెరుగు సంగతి చెప్పేసిన" అన్నారు మామ ఆ సాయంత్రం. నౌకరీ పోతుందని నాకు భయమేసింది. అంతకంటే ముందు, నా పేరు చెప్పారా అని అడిగాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పెట్టిన చెయ్యి నాది. నీ పేరెందుకు?" అన్నారు.

మీరు ఆయన్ని తీసేయలేదు. కానీ ఆ ఎలుకలు ఇక పనికిరావని, మళ్లీ మొదటి నుంచి చేయాలని అన్నారట. వాటినేం చేస్తారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు నుంచి మామ పెరుగు ముట్టలేదు. కడుపుకు పడదని అత్తతో అన్నారు.

మొన్న మామ పేరున పిట్టకు, అదే కాకికి, అన్నం పెట్టేటప్పుడు అత్త ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, పెరుగొద్దన్నది. అందరూ వెనక్కి జరిగాక, కొంగు కింద తెచ్చిన డబ్బీ మూత తీసి విస్తరి పక్కన పెట్టి వచ్చేశాను. పిట్ట ముట్టిందో లేదో చూడలేదు.

ఎలుకలకు పెట్టిన ఆ పెరుగు నాది, మేడం. సభలో ఆయన మంచి పనివాడని మాత్రం చెప్పండి, అది నిజం. మా ఇంట్లో ఎవరికీ ఇది తెలియదు, చదివి కాల్చేయండి. డబ్బీ అక్కడే ఉండిపోయింది. మూత ఇక్కడ, తోమిన గిన్నెల మధ్య బోర్లించి ఉంది.