పెట్టె మూతలో అరచెయ్యంత చోటు

మా చిన్నమామ పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ప్రొద్దుటూరులో బడికి బయలుదేరుతున్నాను. ద్రాక్షతోటలో తీగలు కత్తిరిస్తూ కత్తిరిస్తూ కాస్త ఆయాసంగా ఉందని గట్టు మీద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందని జమ్మలమడుగు ఆస్పత్రిలో చెప్పారు. నేను దొరికిన బస్సెక్కాను. ఊరి పొలిమేర దాటకముందే నా వెనక సీట్లో ఇద్దరు ఆ మాటే మాట్లాడుకుంటున్నారు.

"ద్రాక్షతోట ఆయప్ప పోయినాడంట గదా."

"పోక ఏం జేస్తాడు. తాగి తాగి సచ్చినాడు. దుబాయిలో నేర్చుకోనొచ్చినాడు ఆ పాడు అలవాటు."

వెనక్కి తిరిగాను. వాళ్ల ముఖాలు చూశాను. పిల్లలకు రోజంతా పాఠాలు చెప్పే నాకు ఆ పూట నోరు పెగల్లేదు. అప్పుడు అనలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ ఇద్దరికీ నేనెవరో తెలియదు, ఇది వాళ్లు చదువుతారన్న ఆశా లేదు. కానీ అలాంటివాళ్లు మా వైపు బోలెడుమంది ఉన్నారు. మా ఇంట్లోనే ఉన్నారు. మామ తాగి చావలేదు. మామకు తాగుడే రాదు. ఈ ఒక్క ముక్క ఆయన బతికుండగా ఎవరి చెవికీ ఎక్కలేదు.

చిన్నమామను దుబాయికి తీసుకుపోయింది ఆయన జతగాడు, జమ్మలమడుగు దర్జీ. ఒక పెద్ద హోటల్లో బట్టలు కుట్టే పని దర్జీది, గాజు గ్లాసులు కడిగే పని మామది. ఒకరోజు బల్లల దగ్గరికి పోబోతున్న వైను సీసా ఒకటి మామ వాసన చూసి, ఇది తడిసి ముక్కిన గోనెసంచి వాసన కొడుతోంది, పంపొద్దు అన్నాడట. గ్లాసులు కడిగేవాడికెందుకని కసిరారు. ఆ సీసా నిజంగానే చెడిపోయింది. అక్కడి పెద్ద, లెబనాన్ మనిషి, అప్పటినుంచి మామను పక్కన పెట్టుకుని వైను సంగతి నేర్పాడు. ఏ తిండికి ఏది నప్పుతుందో వచ్చినవాళ్లకు చెప్పడం, సీసా తెరిచి బాగుందో లేదో చూడటం, అదీ ఆ తర్వాత మామ ఉద్యోగం. చూడటమంటే కొంచెం నోట్లోకి తీసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, పక్కనున్న చెంబులో ఉమ్మేయడం. లోకంలో ఈ పని చేసేవాళ్లందరూ ఉమ్మేస్తారు. మింగితే మధ్యాహ్నానికి నాలుక మొద్దుబారి ఉద్యోగం ఊడుతుంది.

ఈ సంగతి ఊళ్లో చెబితే నవ్వారు. "అంత ఖరీదు పెట్టి కొని ఉమ్మేస్తారంటనా? ఎవురికి జెప్తాండావబ్బా," అన్నారు.

మామ దేవుడేమీ కాదు. దుబాయి నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా ప్రతిదీ నాలుకతో తూకం వేసేవాడు. మా అమ్మమ్మ చేసిన ఉలవచారు నోట్లో తిప్పి, కళ్లు మూసుకుని, "మొన్నటిదాని కంటే పొగ ఎక్కువైంది" అంటే ఆమె గరిటె పట్టుకుని తరిమింది. పులివెందులలో మా బంధువుల పెళ్లిలో రంగునీళ్ల జ్యూసు ఇస్తే అలవాటు కొద్దీ తిప్పి పక్కకి ఉమ్మాడు. పెళ్లికొడుకు మేనత్త చూసింది. ఆమెను ఊరుకోబెట్టడానికి మా అమ్మకు భోజనాల వేళ దాటిపోయింది. ఇంట్లో స్టీలు గ్లాసు ఇచ్చినా కిటికీ వైపు ఎత్తి వెలుతురులో చూసేవాడు. అందులోంచి ఏం కనపడుతుంది మామా అంటే, "ఏం కనపడదు పాపా, చెయ్యి అదే పైకి లేస్తాది" అనేవాడు. "ముక్కుతో తాగల్ల. గొంతు దాటినాక నీళ్లకూ దానికీ తేడా ల్యా." ఇది ఆయన మాట. ఈ మాట పట్టుకుని కూడా ఆయన్ను తాగుబోతనే అన్నారు.

అయితే మామకు పిచ్చి నిజంగా ఉండేది. అది వైను పిచ్చి కాదు, వైను చేసేవాళ్ల పిచ్చి. ఆ హోటలుకు వచ్చే వైను ప్రియులకు కూడా అదే జబ్బట. సీసా చేతికిస్తే ధర చూడరు, తిప్పి వెనకవైపు చదువుతారు. ఎవరు చేశారు, ఏ కొండ, ఏ వాలు, ఆ ఏడు వాన ఎలా పడింది. ఒక్కొక్కరికి ఒక్కొక్క అభిమాన కుటుంబం. మనవాళ్లు సినిమా హీరోల కోసం కొట్టుకున్నట్టు వాళ్లు ద్రాక్షరైతుల కోసం వాదులాడుకుంటారట. మామకూ అలాంటివాళ్లు ఉన్నారు. మా అమ్మమ్మ ఊరివాళ్ల గురించి చెప్పినట్టు చెప్పేవాడు వాళ్ల గురించి. ఇటలీలో ఒక ముసలామె ఉంది, ఒక ఏడు వడగండ్లు పడి కాయ చెడితే ఆ ఏడు ఒక్క సీసా కూడా నింపనివ్వలేదు, నా పేరు దాని మీద వేయనని మంచమెక్కింది. ఫ్రాన్సులో అన్నాచెల్లెళ్లు ఒకే వాలును రాతిగోడ పెట్టి పంచుకున్నారు, గోడకు ఇటు ఒక రుచి, అటు ఒక రుచి, ఇద్దరికీ మాటల్లేవు. అర్జెంటీనాలో వాన పడని చోట కొండ మీది మంచు కరిగిన నీళ్లు కాలువ కట్టి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. జార్జియా దేశంలో అయితే రసాన్ని పెద్ద పెద్ద మట్టి బానల్లో పోసి మెడ దాకా భూమిలో పూడ్చిపెడతారు.

"మన జొన్న పాతర మాదిరే పాపా," అనేవాడు చేతులతో బాన వెడల్పు చూపిస్తూ. "వాళ్లంతా రైతులే. గోచి పెట్టుకోరు, అంతే తేడా. పులివెందుల చీనీకాయ ఢిల్లీకి పోతాది. ఆడ తినేటోడు ఎవడన్నా దీన్ని పండించిందెవరని అడుగుతాడా? వీళ్లను మాత్రం అడుగుతారు. పేరు రాసుంటాది సీసా మీద. నాయిన పేరు, తాత పేరు."

ఆ పేర్లన్నీ మామ ట్రంకుపెట్టెలో ఉండేవి. ఖాళీ సీసాలను వేడినీళ్లలో నానబెట్టి, మీది కాగితాలు చిరగకుండా ఊడదీసి, పెట్టె మూత లోపలివైపు అంటించుకున్నాడు. ఏనుగులు, కోటలు, చేతిసంతకాలు, మనకు చదవరాని లిపులు. నట్టనడుమ మాత్రం అరచెయ్యంత చోటు వదిలేశాడు. చిన్నప్పుడు దాంట్లో నేను సినిమా బొమ్మ అంటిస్తానంటే చెయ్యి మీద ఒక్కటేశాడు. నన్ను ఆయన కొట్టింది అప్పుడే.

ఆ పెట్టె మూతే ఆయన పెళ్లి చెడగొట్టింది. కమలాపురం నుంచి పెళ్లికూతురి తరఫువాళ్లు చూడ్డానికి వచ్చినప్పుడు, గల్ఫ్ నుంచి ఏం తెచ్చాడో చూద్దామని ఎవరో పెట్టె తెరిచారు. మూత నిండా సీసాల కాగితాలు. కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్లారు. మామ వాళ్ల జీపు దాకా వెంటపడి చెప్పాడు, ఇవి తాగినవి కావు, నేను చూసిన పంటలు అని. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. ఆ పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలో ఇద్దరు మగవాళ్లు పొద్దున్నే బ్రాందీ షాపు దగ్గర ఆగి వచ్చారు. ఆ వాసన వరండా దాకా వచ్చింది. వాళ్లది మర్యాద, మామది వ్యసనం.

పెద్దమామ సంగతి చెప్పాలి. ఆయన చిన్నమామకు అన్న. చుక్క ముట్టని మనిషి, చుక్క ముట్టినవాడి పక్కన కూర్చోని మనిషి. ఆ పెళ్లిచూపుల తర్వాత తమ్ముడితో ఒకే పంక్తిలో అన్నం తినడం మానేశాడు. పండగైనా, చావైనా, తమ్ముడు తిని లేచాకే కూర్చునేవాడు. తిట్టేవాడు కాదు. తిట్టినా బాగుండేది, ఎదురు చెప్పడానికి వీలుండేది.

దుబాయి వదిలేసి వచ్చాక మామ తన భాగం నేలలో ద్రాక్ష పెట్టాడు. అది నాపరాళ్ల నేల. మోకాలి లోతు కూడా మన్ను ఉండదు, కింద అంతా బండే. దాన్ని బండల గనికి ఇచ్చేయమని ఊరంతా చెప్పింది. మామ ఆ రాయిని నాలుకతో తాకి చూసి, "ఇట్లాంటి సున్నపురాయి నేల కోసం ఆడ పానాలు ఇస్తారు, మీరేందబ్బా పగలగొట్టి అమ్ముకోమంటాండారు" అన్నాడు. తన పంటతో వైను చేయాలి, సీసా మీద ఊరి పేరు, తన పేరు వేయాలి. అదీ ఆయన కోరిక. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఈలోగా కాయను ప్రొద్దుటూరు వ్యాపారి కొనుక్కుపోయేవాడు, తన పేరున్న పెట్టెల్లో పెట్టుకుని.

చాటుగా చేసుకోవచ్చు గదా అని నేనే అడిగాను. మామకు కోపమొచ్చింది. "పేరు ఎయ్యలేని సీసా నాకొద్దు పాపా. దొంగసారా కాసేటోనికే పేరు ఉండదు."

జార్జియా వాళ్లలాగా ఒక బాన చేయించి తోటలో మెడ దాకా పూడ్చాడు. లైసెన్సు వచ్చేలోపు బాన మట్టికి అలవాటు పడాలట. ఊళ్లో ఎవరో ఎక్సైజు వాళ్లకు ఫోన్ చేశారు, ద్రాక్షతోటలో సారా కాస్తున్నాడని. వాళ్ల జీపు వచ్చింది. మూత తీస్తే బాన ఖాళీ. అడుగున రెండు ఎండుటాకులు. ఖాళీదే గదా సామీ అన్నాడు మామ. రేపు కాస్తావులే అని గడ్డపారతో పగలగొట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరూ అది ఖాళీ బాన అని బయట చెప్పలేదు. సారా బాన పగలగొట్టినారని చెప్పారు. గండికోట చూడ్డానికి నగరాల నుంచి వచ్చే పిల్లలు లోయ అంచున పొడుగు కాడల వైను గ్లాసులు పట్టుకుని ఫొటోలు దిగితే, మావాళ్లే పక్కన నిలబడి ముచ్చటగా చూస్తారు.

మామ పెంకులన్నీ ఏరి గట్టు కింద పేర్చాడు. మరుసటి ఏడు తీగలు మామూలుగానే కత్తిరించాడు.

మావైపు పెద్దదినం నాడు పోయినవాళ్ల ఫొటో ముందు వాళ్లకు ఇష్టమైనవన్నీ పెడతారు. మామ ఫొటో ముందు సంగటి, మాంసం కూర, అలసంద వడలు, కొత్త పంచె పెట్టారు. నేను లోపలి నుంచి వచ్చేసరికి వాటి మధ్య ఒక బ్రాందీ సీసా ఉంది. మూత తీసి, పక్కన గ్లాసులో పోసి మరీ పెట్టారు.

"ఎవరు పెట్టినారు దీన్ని?" అన్నాను.

పెద్దమామే తల ఎత్తాడు. "నేనే తెచ్చినా పాపా. వానికి ఇష్టం గదా. పొద్దున పోయి వరసలో నిలబడి తెచ్చినా."

జీవితంలో ఆ షాపు వైపు తల తిప్పి చూడని మనిషి. తమ్ముడి కోసం పోయి తాగుబోతుల వరసలో నిలబడ్డాడు. అది ప్రేమ అని నాకు తెలుసు. తెలిసే ఇంకా కోపమొచ్చింది. అంత ప్రేమ పెట్టుకుని, ఒక్కనాడు పక్కన కూర్చుని ఏందిరా నీ పని అని అడిగి ఉంటే ఏం పోయేది?

సీసా చేతిలోకి తీసుకున్నాను. మామ చేసినట్టే తిప్పి వెనకవైపు చదివాను. ఒక కంపెనీ చిరునామా ఉంది, మనిషి పేరు ఎక్కడా లేదు. గ్లాసు తీసుకుని ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎవరో అత్త గుండెల మీద చెయ్యేసుకుంది. నాలుక భగ్గుమంది, కళ్ల వెంబడి నీళ్లు కారాయి. అయినా అటూ ఇటూ తిప్పి, కాళ్లు కడుక్కునే చెంబు దగ్గరికి లాక్కుని అందులో ఉమ్మేశాను.

"మామ చేసింది ఇంతే," అన్నాను. "దుబాయిలో ఉన్నన్నాళ్లూ చేసింది ఇంతే. దీన్ని తాగుడు అంటారా మీరు?"

వరండాలో బండ మీద కూర్చున్న దర్జీ లేచి నిలబడ్డాడు. "అల్లా మీద ఒట్టు. నేనూ వాడూ ఒకే గదిలో ఉంటిమి. గొంతు దిగనీలేదు ఒక్కనాడు గూడా."

పెద్దమామ ఆ చెంబు వైపు చూశాడు. "మరి మాకెప్పుడూ చెప్పలేదేంది వాడు?"

"చెప్పినాడు," అన్నాడు దర్జీ. "మీరు ఇనలే."

పెద్దమామ సీసాను తీసి గోడ పక్కన పెట్టాడు. ఫొటో వైపు చూస్తూనే అడిగాడు. "అట్లయితే వానికి ఏమిష్టం పాపా? ఏం పెట్టల్ల?"

నేను లోపలికి పోయి ట్రంకుపెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టి మూత ఎత్తాను. ఇన్నేళ్లలో ఆయన దాన్ని చూడటం అదే మొదలు. కళ్లజోడు సరిచేసుకుని ఒక్కొక్క కాగితం చూశాడు. ముసలామె పేరు, గోడకు ఇటువైపు అన్న పేరు, అటువైపు చెల్లెలి పేరు, అర్థంకాని అక్షరాల జార్జియా పేరు. అవన్నీ చేసినోళ్ల పేర్లని చెప్పాను. చూస్తూ చూస్తూ నడుమకు వచ్చి ఆగాడు.

"ఈడ ఏముండె? ఊడిపోయిందా?"

"ఏమీ లేదు పెద్దమామా. అది ఆయన పేరుకు పెట్టుకున్న చోటు."

ఇంత రాసి కూడా మామ పేరు నేను రాయలేదు. మరిచిపోయి కాదు. ఆ పేరు ఉండాల్సిన చోటు వేరే ఉంది, దాన్ని ఇక్కడ కాగితం మీద వేసి సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు వడలు చల్లారిపోయాయి, బంతికి లేవండని లోపలి నుంచి పిలుస్తూనే ఉన్నారు. పెద్దమామ లేవలేదు. తెరిచిన పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, నడుమనున్న ఆ ఖాళీ రేకు మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయాడు. ఆ చోటు సరిగ్గా ఆయన చెయ్యంతే ఉంది.