కోడి కాలికి ఎర్ర పీలిక

ఇవాళ ఆటోనగర్‌లో చికెన్ కొట్టు ముందు బండి ఆపాను. బోనులో ఒక నాటుకోడి కాలికి ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది. ఏమీ కొనకుండా వచ్చేశాను. మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎవరి కోడో తెలియడానికి అలాగే కట్టేవాళ్ళం కదా.

చిన్నప్పుడు చల్లపల్లి దగ్గర మా ఇంట్లో మామ్మది ఒకటే పట్టు. చేత్తో నూకలు వేసి పెంచినదాన్ని తినకూడదు. అందుకని కూర వండాలంటే మా కోడిని పక్కింటికిచ్చి, వాళ్ళ కోడిని తెచ్చేది.

ఒక ఆదివారం నేను పీలిక కట్టిన పెట్ట పక్కింటికి వెళ్ళింది. ఆ పూట రెండిళ్ళలోనూ కోడికూరే. నేను ముక్క ముట్టలేదు. గోడ అవతల నా ఈడు పిల్ల సుజాత ఏడుస్తోంది. మా గిన్నెలో ఉన్నది తను పెంచిన కోడి.

"మామ్మా, దీన్ని సుజాత పెంచింది కదా?" అన్నాను.

అందరి చేతులూ ఆగాయి. మామ్మ నా వైపు చూడలేదు.

"మనం పెంచలేదుగా. తిను."

ఎవరూ ముద్ద ఎత్తలేదు. ఆ ఏడుపే వింటూ కూర్చున్నాం. కాసేపటికి అది ఆగిపోయింది. సుజాత తినడం మొదలుపెట్టిందని అందరికీ అర్థమైంది.

నేనూ అన్నం కలిపాను.