రత్నక్క కుట్టిన ఫ్లానెల్ సంచి

మా చిన్నప్పుడు తిరువూరులో పత్తి తీతల రోజులకి చలి బాగా ముదిరేది... పొద్దెక్కినా చేల మీద మంచు విడిచేది కాదు. అలాంటి చలిలోనే మా రత్నక్క తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి మగపిల్లవాణ్ని కన్నది.

మధ్య గది బాలింతకి ఇచ్చారు. మా నాయనమ్మ కిటికీ మూసేసి, రెక్కల సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. మూలన నిప్పుల కుంపటి... దాని పక్కనే చెక్క ఉయ్యాల.

ఉయ్యాలలోకి తొంగి చూస్తే పిల్లవాడు కనిపించేవాడు కాదు. పొత్తిగుడ్డల చుట్టు, దాని మీద ఉన్ని స్వెట్టరు, తలకి కుచ్చుల టోపీ, అన్నిటి మీదా మా తాతయ్య కప్పుకునే రగ్గు... ముక్కొక్కటే బయటికి ఉండేది.

నాయనమ్మ అటూ ఇటూ తిరుగుతూ వచ్చి వాడి అరచెయ్యి పట్టుకుని చూసేది. "చల్లగా ఉందే..." అని ఇంకో గుడ్డ తెచ్చి చుట్టేది.

మా ఇంట్లో అందరం చామనఛాయ. వీడొక్కడే ఎర్రగా ఉన్నాడని ఆమెకి గొప్ప. చూడ్డానికి ఎవరొచ్చినా రగ్గు అంచు ఎత్తి, "చూడు వదినా, దానిమ్మ గింజలా లేడూ!" అనేది. వాళ్ళూ అవునవునని తలూపేవారు.

ఒక మధ్యాహ్నం అమ్మ పత్తి తీయడానికి చేలోకి వెళ్ళింది. నాయనమ్మ వాకిట్లో మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నేను గడపలో కూర్చున్నాను. అక్క అన్నం తింటోంది. ఉయ్యాలలో వాడు ఏడుపు మొదలెట్టాడు... ఆ ఏడుపు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు సన్నబడి, టక్కున ఆగిపోయింది.

అక్క ఎంగిలి చేత్తోనే లేచింది.

రగ్గు జారి వాడి మొహం మీద పడి ఉంది. లాగి అవతల పారేసింది. వాడు నోరు తెరిచి ఊపిరి పీల్చుకుని, గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకే అక్క కదిలింది. చెయ్యి కడుక్కుని వచ్చి, వాడి మెడ వెనక వేళ్ళు పెట్టి చూసింది. చెమటతో తడిసిపోయి ఉంది. టోపీ, స్వెట్టరు, పొత్తిగుడ్డలు ఒక్కొక్కటే విప్పింది. వీపు నిండా చెమటకాయలు.

కిటికీలో కుక్కిన గుడ్డలు పీకింది. కుంపటి తీసుకెళ్ళి వసారాలో పెట్టింది. వాడికి పల్చటి జుబ్బా ఒక్కటి తొడిగి పాలిచ్చింది. వాడు తాగుతూ తాగుతూ కుదుటపడ్డాడు... ఎరుపంతా దిగిపోయి మా అందరి రంగులోకి వచ్చేశాడు.

నాయనమ్మ లోపలికి వచ్చి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఒసేయ్ రత్నం... బంగారంలాంటి రంగంతా పోగొట్టావు కదే!"

నాకు నవ్వాగలేదు. మొట్టికాయ పడింది.

"అది రంగు కాదు నాయనమ్మా, ఉడుకు. పోతే పోయింది. వాడికి ఊపిరాడితే చాలు" అంది అక్క. "ఇక పడుకునేటప్పుడు రగ్గు కప్పను. టోపీ పెట్టను."

"చలికి బిగుసుకుపోతాడే! మీ నాన్నని పెంచాను, మీ బాబాయిల్ని పెంచాను. నాకు చెప్తావా?"

"చలికి వదిలేస్తానన్నానా? ఏం తొడగాలో నేను చూస్తాగా."

మర్నాడు నాన్న చేత బజారు నుంచి నూగున్న వెచ్చటి ఫ్లానెల్ గుడ్డ తెప్పించింది. బాలింత సూది పట్టకూడదు, కళ్ళు పోతాయని అప్పట్లో నమ్మకం. "ఇటివ్వమ్మా, నేను కుడతాను" అంది అమ్మ.

"పొద్దంతా పత్తి తీసి వచ్చావు. నువ్వు నడుం వాల్చు" అని అక్క సూదిలో దారం ఎక్కించుకుంది.

నాన్న పాత పంచె... ఉతికి ఉతికి మెత్తబడింది. దాంతో లోపలికి జుబ్బా. పైకి ఫ్లానెల్‌ది. దానికి చేతులున్నాయి, కాళ్ళు లేవు. కింద సంచిలా మూసి కుట్టేసింది. లోపల కాళ్ళు ఆడించుకోవడానికి చోటుంది. మెడ మాత్రం తల లోపలికి జారనంత సరిగ్గా పెట్టింది. దుప్పటే అక్కర్లేకపోతే మొహం మీద పడేదేముంటుందని అక్క లెక్క.

నాయనమ్మ దాన్ని ఎత్తి చూసింది. "కొడుక్కి గోతాం కుట్టిందమ్మా మహాతల్లి! ఆ మూతి కూడా కుట్టెయ్. పత్తి బళ్ళో వేసి బెజవాడ పంపుదాం."

"పంపు. తోడు నువ్వెళ్ళు" అంది అక్క, దారం కొరుకుతూ.

మరుసటి రోజు మధ్యాహ్నం వాణ్ని సంచిలో వేసి వెల్లకిలా పడుకోబెట్టింది. నాయనమ్మ రగ్గు ఒళ్ళో పెట్టుకుని ఉయ్యాల పక్కనే పీట వేసుకుంది. ఆమె చెయ్యి ముందుకి కదిలితే చాలు, మంచం మీంచి అక్క "నాయనమ్మా..." అనేది. చెయ్యి వెనక్కి వెళ్ళేది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. అక్క కూడా లేచి, మెడ వెనక తాకి చూసి వచ్చి పడుకునేది. వెచ్చగా ఉన్నాడు. చెమట లేదు.

వాడు కాసేపు కాళ్ళు తన్నాడు. తర్వాత నిద్రపోయాడు... అంతకుముందెప్పుడూ అంతసేపు పడుకోలేదు.

దీపాలు పెట్టే వేళకి చలి పెరిగింది. నాయనమ్మ వాడి వంక చూసి, చూసి... రగ్గు తన మోకాళ్ళ మీదే కప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ అక్క దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ అంది. "అదొక్కటే ఉంటే ఎలాగే? తడిపేస్తే ఏం తొడుగుతావ్? ఇంకోటి కుట్టు."

ఇప్పుడు అలాంటి సంచులు జిప్పులతో సహా కొట్లో దొరుకుతున్నాయి. మంచిదే. కానీ మొన్న మా పక్క వాటాలో కొత్తగా తల్లయిన అమ్మాయిని చూశాను. బిడ్డకి ఇంకో గుడ్డ వేయాలో వద్దో తేల్చుకోలేక, గదిలో ఒక్కతే కూర్చుని ఫోన్లో వెతుక్కుంటోంది. సరే అనేవాళ్ళూ లేరు... పోట్లాడేవాళ్ళూ లేరు.

మీ ఇంట్లో చంటిపిల్లలకి చలికాలం ఏం తొడిగేవారు... చివరికి ఎవరి మాట నెగ్గేది?