జిర్కోనియం సాక్ష్యం

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, నోరు పాతది. హైదరాబాదులో అణు విద్యుత్తు కేంద్రాలకు ఇంధన గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి ఆరు నెలలైనా కాలేదు, మా ఊరు తిరువూరుకి ఫోన్ చేసినప్పుడల్లా "అణుశక్తిలో చేస్తున్నాను" అని గొప్పలు పోయేదాన్ని. (నిజానికి నా పని, జిర్కోనియం అనే లోహంతో చేసిన సన్నటి గొట్టాల మీద గీతలేమైనా పడ్డాయేమోనని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చూడడం.) అక్కకి పాప పుట్టిందని సెలవు పెట్టి ఊరెళ్తే, నా గొప్పలు నాకంటే ముందే బస్సు దిగి ఉన్నాయి. మా పిన్ని గుమ్మంలోనే ఆపింది. ఆవిడ ఎ.కొండూరులో అంగన్‌వాడీ టీచరు, పసిపిల్లల విషయంలో మా ఇంట్లో ఆవిడ మాటే చట్టం.

"పాపని తర్వాత ఎత్తుకుందువుగాని. నీకు ఆ కిరణాలు అంటుకుని ఉంటాయి కదమ్మా."

"అవి ఖాళీ గొట్టాలు పిన్నీ. యురేనియం నింపేది వేరేచోట."

"మరి చేతులకి గ్లవ్స్ వేసుకుంటానన్నావుగా?"

నేను జవాబు చెప్పేలోపే పాప ఏడ్చింది, పిన్ని లోపలికెళ్లిపోయింది. అక్క నావైపు జాలిగా చూసింది గానీ పాపని మాత్రం ఇవ్వలేదు. రెండు రోజులు మంచానికి మూడడుగుల దూరంలో కూర్చుని చిటికెలు వేస్తూ గడిపాను.

ఆదివారం చర్చిలో పాస్టర్ గారు, "అణుకిరణాల మధ్య పనిచేస్తున్న మా చెల్లిని కాపాడు తండ్రీ" అని ప్రార్థన చేశారు. కళ్లు తెరిచేసరికి చాప మీద నా పక్కనున్న ఇద్దరూ కాస్త అవతలికి జరిగి ఉన్నారు. ఇక ఊరుకోలేకపోయాను. దేవుడు తమకి చేసిన మేలు గురించి అందరూ సాక్ష్యాలు చెప్పే సమయానికి లేచి నిలబడి మొదలుపెట్టాను. "రియాక్టర్‌లో ఇంధనం మేం చేసే గొట్టంలో ఉంటుందండి, బయట నీళ్లు పారతాయి. లోపలిది నీళ్లలో కలవకుండా కాపాడేది ఈ పల్చటి గొట్టమే." వెనకనుంచి ఎవరో "ఆమెన్" అన్నారు. "ఇది న్యూట్రాన్లను పట్టి ఉంచుకోదు, వాటి దారిన వాటిని పోనిస్తుంది." ఈసారి నలుగురన్నారు. ఆడవాళ్ల మధ్యనుంచి పిన్ని, "అయితే గ్లవ్స్ ఎందుకే?" అంది.

"మన చేతి జిడ్డు గొట్టానికి అంటకూడదని పిన్నీ. దానికే మనవల్ల ప్రమాదం."

పాస్టర్ గారు కళ్లజోడు సర్దుకుని, "అంటే ఈ అమ్మాయిని చూసి జరగాల్సింది మనం కాదు, గొట్టం" అన్నారు. చర్చంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే పిన్ని అక్క ఒళ్లోంచి పాపని తీసుకుని, చాపలన్నీ దాటుకుంటూ వచ్చి, నన్ను కూర్చోమని ఒళ్లో పెట్టింది. "మెడ కింద చెయ్యి పెట్టు" అంది, అంతే. పాప నా చున్నీ మొత్తం తడిపేసింది. పాస్టర్ గారు వాక్యం చెప్పడం అయ్యేదాకా నేను కదలలేదు.

ఇప్పుడు ఆ తనిఖీ విభాగంలో నా కింద పదిమంది ఉన్నారు. ఏం పని అని ఎవరైనా అడిగితే "ఫ్యాక్టరీలోనండి" అని ఊరుకుంటాను. తెలిసింది పెరిగేకొద్దీ మాట తగ్గింది. కానీ నిండు చర్చిలో చెమటలు కక్కుతూ న్యూట్రాన్ల గురించి చెప్పిన ఆ పిల్ల గుర్తొస్తే పనిలో ఉన్నా నవ్వాగదు. అంత ధైర్యంగా ఇప్పుడు మా ఇంట్లో కూరలో ఉప్పెక్కువైందని కూడా చెప్పలేను.